క్రీము ఆపగానే తామర తిరగబెడుతోంది

ప్రశ్న: మావారికి వన్‌టౌన్‌లో బట్టల కొట్టు. గజ్జల్లో తామర వచ్చింది. మందుల షాపు క్రీము రాస్తే తగ్గుతుంది, మానగానే ఇంకా పెద్దదవుతుంది. మా అత్తగారికి అక్కి వచ్చినప్పుడు మిగిలిన అసైక్లోవిర్ మాత్రలున్నాయి. వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దండీ. అక్కి వైరస్‌కున్న ఎంజైము వల్లే అసైక్లోవిర్ చురుకై, వైరస్ డీఎన్‌ఏ తయారీని ఆపుతుంది. అందుకే అక్కిలో పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెట్టాలంటారు. తామర ఫంగస్ మీద అది పనిచేయదు.

ముందు ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడ్. దురద, ఎరుపు తగ్గిస్తుంది, లోపల ఫంగస్ మాత్రం నిశ్చింతగా పాకుతుంది. గజ్జల్లో చర్మం పలచనై చారలు పడితే అవి పూర్తిగా పోవు. మీ అసలు సమస్య ఈ స్టెరాయిడ్ క్రీమే కావచ్చు.

ఫంగస్ కణం చుట్టూ ఉండే పొరకు ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం కావాలి. టెర్బినాఫిన్, ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందులు దాని తయారీని వేర్వేరు దశల్లో అడ్డుకుంటాయి. స్టెరాయిడ్ లేని ఫంగస్ క్రీమును మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల వరకు రాయాలి, మచ్చ పోయాక కూడా సుమారు రెండు వారాలు కొనసాగించాలి.

ఇన్నాళ్లుగా తిరగబెడుతోంది కనుక చర్మ వైద్యుడిని కలవండి, మాత్రలు అవసరం కావచ్చు. ఇట్రాకొనజోల్ గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) కడుపునిండా తిన్నాక వేసుకోవాలి; గ్యాస్ మాత్రలతో కలిపితే ఒంటికి సరిగా పట్టవు. గుండె బలహీనత, కాలేయ జబ్బు ఉన్నా, కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతున్నా తప్పక చెప్పండి. తువ్వాలు, లోదుస్తులు విడిగా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వారికీ ఒకేసారి వైద్యం చేయించండి.