వింగ్స్ రుచి తోలులోనే ఉంది

ప్రశ్న: మా ఆఫీసు దగ్గర ఉన్న బార్ అండ్ రెస్టారెంట్‌లో మొదటిసారి చికెన్ వింగ్స్ తిన్నాను. ప్లేటు నిండా ఎర్రటి సాస్, అందులో మునిగిన ముక్కలు. తోలు మెత్తగా సాగింది. ఎముక పక్కన మాంసం కాస్త గులాబీ రంగులో కనిపించింది. భయం వేసి సగం వదిలేశాను. ‘వింగ్స్ అంటే ఇలాగే ఉంటాయి’ అన్నారు నాతో వచ్చినవాళ్లు. నిజమేనా?

జవాబు: కాదమ్మా, అలా ఉండకూడదు. నేను బార్ వంటగదిలో నూనె మూకుడు ముందు ఏళ్ల తరబడి నిలబడ్డవాణ్ణి. మీ ఉత్తరం చదువుతుంటే ఆ ప్లేటు కళ్లకు కట్టింది, కోపమూ వచ్చింది. మొదటిసారి తినడానికి వచ్చిన మనిషికి అలాంటి ప్లేటు పెడితే ఇక వింగ్స్ జోలికి వెళ్లరు. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

కోడి రెక్కలో మూడు భాగాలుంటాయి. భుజం వైపు ఉండే, చిన్న లెగ్‌పీసులా కనిపించే ముక్క డ్రమెట్. మధ్యలో రెండు సన్నటి ఎముకలతో పలచగా ఉండేది ఫ్లాట్. చివర కొసలో మాంసం ఉండదు కాబట్టి దాన్ని కోసి సూపుకు వాడతారు. బార్‌లో మీ ముందుకు వచ్చేవి సాధారణంగా మొదటి రెండే. ఈ ముక్కల్లో మాంసం కొంచెమే, దానికి తగ్గట్టు చూస్తే తోలు చాలా ఎక్కువ. తోలు కింద కొవ్వు, కీళ్ల చుట్టూ కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఉంటాయి. వండేటప్పుడు ఆ కొవ్వు కరిగి బయటికి పోవాలి. కొల్లాజెన్ మెత్తబడి జెలటిన్‌గా మారాలి. తోలులోని నీరు ఆవిరైపోయి అది పెళుసుగా తయారవ్వాలి. ఈ మూడూ జరిగితేనే రెక్క రెక్కలా ఉంటుంది.

బ్రెస్ట్ ముక్క 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ఉడికినట్టే. ఆ తరువాత ఎంత వేడి తగిలితే అంత ఎండిపోతుంది. రెక్క సంగతి వేరు. 74 డిగ్రీల దగ్గర అది తినడానికి సురక్షితమే కానీ పంటి కింద సాగుతుంది. లోపలి వేడి 85, 90 డిగ్రీల దాకా వెళ్తేనే కీళ్ల దగ్గర మాంసం ఎముకను వదులుతుంది. కొవ్వూ జెలటినూ ఉన్నాయి కాబట్టి అంత వేడికీ ఎండిపోదు. ఈ తేడా తెలియని వంటవాడు, లేదా తెలిసీ తొందరలో ఉన్నవాడు, ముక్క పైన రంగు రాగానే తీసేస్తాడు. నూనె 175 నుంచి 190 డిగ్రీల మధ్య ఉండాలి. ఆర్డర్లు మీద పడినప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ముక్కలను ఒకేసారి మూకుడు నిండా గుమ్మరిస్తే నూనె వేడి దభీమని పడిపోతుంది. అప్పుడు తోలులోని నీరు త్వరగా బయటికి పోదు. ముక్కలు వేగడం మానేసి నూనెలో నానతాయి. మీకు వచ్చిన ప్లేటు వెనక ఇదే జరిగి ఉంటుందని నా గట్టి నమ్మకం.

సాస్ సంగతి కూడా చెప్పాలి. ఈ కారపు సాస్‌లో ఎక్కువ భాగం వెనిగర్, నీరు, మిరప గుజ్జు. దాన్ని కరిగించిన వెన్నతో కలిపి, నూనెలోంచి తీసిన ముక్కలను పెద్ద గిన్నెలో వేసి, ఆ సాస్ పోసి ఎగరేస్తారు. తోలుకు పలచని పూత పట్టాలి, అంతే. ఆ క్షణం నుంచి సాస్‌లోని తడి బయటి నుంచీ, మాంసంలోని ఆవిరి లోపలి నుంచీ తోలును మెత్తబరుస్తూనే ఉంటాయి. ఆ గిన్నె దగ్గరి నుంచి మీ బల్ల దాకా రావడానికి ఎంత సేపు పట్టిందన్నదే మిగతా అన్నిటికంటే ముఖ్యం. కొన్ని నిమిషాలు దాటితే ఎంత బాగా వేయించిన ముక్కయినా తడిసిన అట్టముక్కే. మీ పక్కవాళ్ల వంటకాలు తయారయ్యే దాకా వింగ్స్‌ను వేడినిచ్చే దీపం కింద పెట్టి ఆపే చోట్లు చాలా ఉన్నాయి. నాకు అస్సలు నచ్చని అలవాటు అది.

ఇక గులాబీ రంగు. మార్కెట్‌కు వచ్చే బ్రాయిలర్ కోళ్ల వయసు కొన్ని వారాలే. వాటి ఎముకలు పూర్తిగా గట్టిపడి ఉండవు. వండేటప్పుడు, ముఖ్యంగా గడ్డకట్టించి నిల్వ ఉంచిన కోడి అయితే, ఎముక మజ్జలోని రంగు బయటికి ఊరి పక్కనున్న మాంసానికి అంటుకుంటుంది. బాగా ఉడికిన ముక్కలోనూ ఇది కనిపిస్తుంది. కాబట్టి రంగు ఒక్కటే చూసి పచ్చిదని చెప్పలేం, ఉడికిందని కూడా చెప్పలేం. ఫ్లాట్ తీసుకుని దాంట్లోని సన్న ఎముకను కొస పట్టుకుని మెలితిప్పండి. మాంసం అంటుకోకుండా సులువుగా ఊడి వస్తే సరిగ్గా వేగినట్టు. మాంసం ఎముకను పట్టుకుని, మెరుస్తూ జారుడుగా ఉంటే వెనక్కి పంపండి. మొహమాటపడకండి. సరిగా ఉడకని కోడిలో సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ లాంటి క్రిములు బతికి ఉండొచ్చు. మీరు తినకుండా వదిలేయడం సరైన పనే. వెనక్కి పంపి ఉంటే మీ తరువాత వచ్చినవారికీ మేలు జరిగేది.

ఈసారి వెళ్లినప్పుడు సాస్ విడిగా గిన్నెలో ఇమ్మనండి, ‘ముక్కలు బాగా కరకరలాడేలా వేయించండి’ అని కూడా చెప్పండి. సాస్ తీసేస్తే తోలు లోపాలు ఎక్కడా దాగవు. మొదట ఒక ముక్క ఉత్తదే కొరకండి. కరకర శబ్దం రావాలి, ఆ వెంటనే తోలు విరిగి నోట్లో కరగాలి. ఉప్పు మాంసం దాకా చేరి ఉండాలి. ఆ ఒక్క కొరుకుతోనే ఆ వంటగది ఎలాంటిదో మీకు తెలిసిపోతుంది.

ప్రశ్న: డ్రమెట్ మంచిదా, ఫ్లాట్ మంచిదా? మా స్నేహితుల్లో దీని మీద పెద్ద వాదన.

జవాబు: నా ఓటు ఫ్లాట్‌కే. మాంసం పలచగా ఉండి తోలు రెండు వైపులా పరుచుకుని ఉంటుంది కాబట్టి ప్రతి కొరుకులోనూ కరకర దొరుకుతుంది. రెండు ఎముకల మధ్య ఉండే సన్నటి మాంసం రెక్క మొత్తంలోకీ మెత్తనిది. సన్న ఎముకను మెలితిప్పి లాగేసి, మిగిలిన ముక్కను రెండో ఎముక మీంచి ఒక్కసారిగా పళ్లతో లాగేయొచ్చు. డ్రమెట్ పట్టుకోవడానికి బాగుంటుంది, మాంసమూ ఎక్కువే. పిల్లలకు అదే ఇవ్వండి.

ప్రశ్న: కారపు సాస్, వెన్న పట్టించిన ఈ బఫెలో వింగ్స్ ఎక్కడ పుట్టాయి? పక్కన సెలరీ కాడలు, ఘాటైన వాసన వచ్చే బ్లూ చీజ్ సాస్ ఎందుకు పెడతారు? వాటిని తినాలా?

జవాబు: అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో, యాంకర్ బార్ అనే చోట, 1964లో పుట్టాయని అందరూ చెప్పేది. ఆ బార్ నడిపిన బెల్లిసిమో కుటుంబంలో టెరెసా అనే ఇల్లాలు వీటిని తొలిసారి వండిందంటారు. ఎందుకు వండిందన్న దానికి ఆ ఇంట్లోనే ఒకటికి మించి కథలున్నాయి. రాత్రి పొద్దుపోయాక ఆకలితో వచ్చిన కొడుకు స్నేహితుల కోసమని ఒక కథ. సరఫరాదారు అడిగిన భాగాలకు బదులు పొరపాటున రెక్కలు పంపాడని ఇంకో కథ. కథ ఏదైనా, అంతవరకు సూపు కుండలో మరిగి వృథా అయ్యే ముక్కను తోలుతో సహా వేయించి, మిరప సాస్, వెన్న పట్టించి, బల్ల మీద గౌరవంగా పెట్టిన చెయ్యి ఆమెది.

అదే నగరంలో, అదే 1960లలో జాన్ యంగ్ అనే నల్లజాతి వ్యాపారి కూడా రెక్కలనే నమ్ముకుని దుకాణం నడిపాడు. ఆయన రెక్కను ముక్కలు చేయకుండా పిండి పట్టించి వేయించి, మాంబో సాస్ అనే తీపి, పులుపు, కారం కలిసిన సాస్‌తో అమ్మేవాడు. బఫెలో వింగ్స్ చరిత్ర చెప్పేటప్పుడు చాలామంది ఆయన పేరు దాటేస్తారు. అది అన్యాయం. ఈ వంటకం ఆ ఊరికి ఎంత దగ్గరైందంటే, 1977లో నగర మేయర్ స్టాన్లీ మకౌస్కీ జులై 29ని చికెన్ వింగ్ దినంగా ప్రకటించాడు.

సెలరీ, బ్లూ చీజ్ మొదటి నుంచీ ఆ ప్లేటులో ఉన్నవే. కారం, వెనిగర్ పులుపు, వెన్న కలిసి నాలుకను ముంచేశాక చల్లటి నీరున్న సెలరీ కాడ కొరికితే నోరు శుభ్రపడుతుంది, తరువాతి ముక్క మళ్లీ మొదటి ముక్కలా ఉంటుంది. బ్లూ చీజ్ సాస్‌లోని కొవ్వు, పాల ప్రోటీన్లు మంటను తగ్గిస్తాయి. వాసన కొత్తగా అనిపిస్తే ముక్క కొసకు కొద్దిగా అద్దుకుని చూడండి. అప్పటికీ నచ్చకపోతే పెరుగుతో చేసిన ఏ చల్లటి సాస్ అయినా నంజుకోండి. నియమమేమీ లేదు.

ప్రశ్న: బోన్‌లెస్ వింగ్స్ తీసుకోవడం సులువు కదా? ఎముకల గొడవ ఉండదు.

జవాబు: చాలా చోట్ల అవి రెక్కలు కావు. బ్రెస్ట్ మాంసాన్ని ముక్కలు చేసి, పిండి పట్టించి వేయించి, అదే సాస్ పూస్తారు. తినడానికి బాగానే ఉండొచ్చు, కానీ తోలు లేదు, జెలటిన్ లేదు. నేను పైన చెప్పిన రుచి ఏదీ వాటిలో వెతకవద్దు. ఎముకల గొడవ ఉండదని పూర్తిగా ధీమాగా ఉండటమూ ప్రమాదమే. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక వ్యక్తి బోన్‌లెస్ వింగ్ తింటుండగా సన్నటి ఎముక గొంతులో చిక్కుకుని తీవ్రంగా జబ్బుపడ్డాడు. కేసు ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 జులైలో నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపు నిలిచి, తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. బోన్‌లెస్ అన్న మాట వండే పద్ధతిని చెబుతుందే తప్ప ఎముక లేదని హామీ ఇవ్వదన్నారు. నాకు ఆ తీర్పు మింగుడుపడలేదు. ఏదేమైనా, పిల్లలకు పెట్టేటప్పుడు చేత్తో ముక్క చీల్చి చూసి పెట్టండి.

ప్రశ్న: కారం ఎక్కువైతే ఏం చేయాలి? బీరు తాగినా, నీళ్లు తాగినా మంట తగ్గలేదు.

జవాబు: తగ్గదు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నీళ్లు తాగితే అది నోరంతా పరుచుకుంటుంది. బీరులోనూ చాలా వరకు నీరే, పైగా బుడగలు మండుతున్న నాలుకను ఇంకా గిల్లుతాయి. పాలు, పెరుగు పుక్కిలించి మింగండి. చేతులు సబ్బుతో కడుక్కునే దాకా కళ్ల జోలికి వెళ్లకండి. పందెం కోసం విపరీతమైన కారం వింగ్స్ తినడాన్ని నేను ప్రోత్సహించను. ఉబ్బసం, కడుపులో పుండ్లు ఉన్నవారు అసలు ముట్టుకోవద్దు.

ప్రశ్న: మిగిలినవి ఇంటికి తెచ్చుకుంటే ఎలా వేడి చేయాలి? నూనె లేకుండా ఇంట్లోనే చేసుకునే దారి ఉందా?

జవాబు: బల్ల మీదికి వచ్చిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టగలిగితేనే తెచ్చుకోండి. మైక్రోవేవ్ వద్దు, తోలు ఇంకా సాగుతుంది. 200 డిగ్రీల ఓవెన్‌లో జాలీ మీద పరిచి, సెగలు కక్కేలా వేడి చేయండి. లోపలి దాకా కాలాలి, పైన మాత్రమే కాదు.

ఇంట్లో చేసుకోవాలంటే పచ్చి ముక్కలను కడగకండి. నీటి తుంపరలతో క్రిములు సింకు చుట్టూ చేరతాయి. తడిని కాగితంతో గట్టిగా అద్ది తీసేయండి. కిలో ముక్కలకు టేబుల్ స్పూను బేకింగ్ పౌడర్, తగినంత ఉప్పు కలిపి పట్టించి, జాలీ మీద పరిచి, మూత పెట్టకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. బేకింగ్ పౌడర్ తోలులో క్షారగుణాన్ని పెంచుతుంది. దానివల్ల ఓవెన్‌లో కూడా త్వరగా ఎర్రబడి గుల్లగా వేగుతుంది. వంట సోడా మాత్రం వాడకండి, చేదు వస్తుంది. మరునాడు 220 డిగ్రీల దగ్గర మధ్యలో ఒకసారి తిప్పుతూ 45 నిమిషాలకు అటూ ఇటూగా కాల్చండి. సాస్ ముందే వేడిగా సిద్ధం చేసుకుని, తినేవాళ్లంతా కూర్చున్నాకే ముక్కలకు పట్టించండి.