1978 సెస్నా 172ఎన్ అమ్మడానికి ఎంత ధర చెప్పాలి?

మీరు రాసిన వివరాలివి: 1978 నాటి సెస్నా 172ఎన్, ఎయిర్‌ఫ్రేమ్ (ఇంజిన్ కాకుండా విమానం ఒళ్లు) మొత్తం 6,200 గంటలు, ఇంజిన్ ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) అయ్యాక 1,350 గంటలు, ఆ ఓవర్‌హాల్ జరిగి 16 ఏళ్లు, ఈమధ్య ఏడాదికి 25 గంటలకు మించి ఎగరలేదు, ప్యానెల్‌లో గార్మిన్ 430డబ్ల్యూ (జీపీఎస్, రేడియో కలిసిన పరికరం), రంగు పదికి ఆరు మార్కులు. ఇదే మోడల్ ప్రకటనల్లో ఉన్న ధరల సగటు తీసి చెబితే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. ప్రకటనలో ఉండేది అమ్మేవాళ్లు అడిగే ధర. బేరం ఎంతకు తెగిందో అందులో ఉండదు. సరైన ధర పెట్టినవి రెండు మూడు వారాల్లో అమ్ముడై జాబితాలోంచి వెళ్లిపోతాయి, ఎక్కువ చెప్పినవి నెలల తరబడి అక్కడే కూర్చుంటాయి. అందుకే ఆ సగటు ఎప్పుడూ అసలు కంటే ఎక్కువే చూపిస్తుంది. ప్రకటనలు పనికిరావని కాదు. ఒకే విమానాన్ని మూడు నెలలు గమనించి ఎప్పుడు ధర తగ్గించారో, ఎప్పుడు మాయమైందో రాసుకుంటే చాలా తెలుస్తుంది.

లెక్క మొదలుపెట్టాల్సింది వీరెఫ్, ఎయిర్‌క్రాఫ్ట్ బ్లూబుక్ లాంటి ధరల గైడ్‌లలోని మూల ధరతో. అయితే ఆ ధర ఎలాంటి విమానానికో గుర్తుండాలి: ఇంజిన్ సగం జీవితంలో ఉండాలి, లాగ్‌బుక్‌లు మొదటి రోజు నుంచి పూర్తిగా ఉండాలి, ప్రమాద చరిత్ర ఉండకూడదు, రంగు, లోపలి సీట్లు ఆ వయసుకు తగ్గట్టు ఉండాలి. మీ విమానం వీటిలో ఎక్కడ తేడాగా ఉందో అక్కడల్లా కలపడమో తీసేయడమో చేయాలి. అన్నిటికంటే పెద్ద తేడా వచ్చేది ఇంజిన్ దగ్గర.

మీ విమానంలో ఉన్నది లైకమింగ్ కంపెనీ ఇంజిన్ ఓ-320-హెచ్2ఏడీ, 160 హార్స్‌పవర్. దీని టీబీఓ (ఒక ఓవర్‌హాల్ నుంచి మరో ఓవర్‌హాల్ దాకా నడపమని కంపెనీ చెప్పే కాలం) 2,000 గంటలు, అంటే సగం 1,000 గంటలు. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం (ఇవి ఉదాహరణకే, మీ దగ్గర కొటేషన్ తీసుకుని మార్చుకోండి): ఓవర్‌హాల్, ఇంజిన్ దించి ఎక్కించే కూలి, కొత్త హోస్‌లు, ఇంజిన్ మౌంట్ రబ్బర్లు అన్నీ కలిపి 40,000 డాలర్లు. 2,000తో భాగిస్తే గంటకు 20 డాలర్లు. మీ ఇంజిన్ సగం దాటి 350 గంటలు నడిచింది కాబట్టి మూల ధరలోంచి 7,000 తీసేయాలి. చాలామంది ఓవర్‌హాల్ షాపు చెప్పిన ధర ఒక్కటే వేసుకుని కూలి, హోస్‌లు మర్చిపోతారు. అప్పుడు గంట ధర తప్పుతుంది.

గంటల లెక్క ఇక్కడితో అయిపోయింది. మీ విమానం ధర తేలేది మాత్రం గంటల మీద కాదు, ఆ 16 ఏళ్ల మీద. లైకమింగ్ టీబీఓను గంటల్లోనే కాక ఏళ్లలో కూడా చెబుతుంది: 2,000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది. అమెరికాలో సొంతానికి నడిపే విమానానికి ఇది సలహా మాత్రమే, దాటినా ఎగరొచ్చు. కొన్నేళ్లుగా క్రమం తప్పకుండా ఎగురుతున్న ఇంజిన్ 12 ఏళ్లు దాటినా నాకేమీ భయం లేదు. ఏడాదికి 25 గంటలే ఎగిరిన ఇంజిన్ అలా కాదు. లైకమింగ్‌లలో క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లను తెరిపించే ఇరుసు) క్రాంక్‌షాఫ్ట్ పైన ఉంటుంది. విమానం నిలిచిపోయిన కొన్ని రోజులకే దాని మీది నూనె కిందికి కారిపోతుంది. గాలిలోని తేమ, దహనం వల్ల నూనెలో చేరిన నీరు కలిసి క్యామ్ లోబ్‌ల (ఉబ్బెత్తు భాగాల) మీద, వాటికి ఆని కదిలే లిఫ్టర్ల ముఖాల మీద సన్నని తుప్పు పుట్టిస్తాయి. మళ్లీ స్టార్ట్ చేయగానే ఆ తుప్పు చుక్కలు గుంటలవుతాయి, గట్టిపరిచిన పొర పెళుసుగా ఊడి క్యామ్‌ను ఆకురాయిలా అరగదీస్తుంది. వారానికోసారి నేల మీదే పది నిమిషాలు నడిపితే చాలనుకోవడం ఇంకా ప్రమాదం. నూనె పూర్తిగా వేడెక్కక నీరు ఆవిరై పోదు, పైగా కొత్త నీరు చేరుతుంది. గాల్లో కనీసం గంటసేపు ఎగిరితేనే ప్రయోజనం.

హెచ్2ఏడీకి లిఫ్టర్ల సమస్య మొదటి నుంచీ చెడ్డపేరు తెచ్చింది. అందుకే ఈ ఇంజిన్‌లో ఎల్‌డబ్ల్యూ-16702 అనే ఆడిటివ్ (నూనెలో కలిపే మందు) వాడాలని ఏడీ 80-04-03 వచ్చింది; ఏడీ అంటే భద్రత కోసం తప్పనిసరిగా పాటించాల్సిన ప్రభుత్వ ఆదేశం. ఏరోషెల్ డబ్ల్యూ100 ప్లస్ లాంటి నూనెల్లో దానికి సమానమైనది ముందే కలిసి ఉంటుంది. ప్రతి ఆయిల్ మార్పు దగ్గరా ఏ నూనె పోశారో, ఆడిటివ్ వేశారో లేదో లాగ్‌బుక్‌లో రాసి ఉందా చూడండి. లేకపోతే కొనేవాళ్ల మెకానిక్ మొదట పట్టుకునేది దాన్నే.

ఇదే ఇంజిన్‌లో ఒక మంచి సంగతీ ఉంది. మిగతా చాలా లైకమింగ్‌లలో లిఫ్టర్లు చూడాలంటే క్రాంక్‌కేసు రెండుగా విప్పాల్సిందే. హెచ్2ఏడీలో పుష్‌రాడ్‌లు తీసి, కేసు విప్పకుండానే లిఫ్టర్లు బయటకు లాగొచ్చు. ముఖం నున్నగా, తిరిగిన గుర్తుగా గుండ్రని మెరుపు గీతలతో ఉంటే ఇంజిన్ బాగున్నట్టు. మధ్యలో సూదితో పొడిచినట్టు చుక్కలు, అంచులు రేగిన గుంటలు ఉంటే క్యామ్ కూడా పోయిందనే అనుకోవాలి. నేనైతే ప్రకటన పెట్టకముందే ఈ పని చేయించి, ఒక్కో లిఫ్టర్ ముఖాన్ని దగ్గరి నుంచి ఫొటో తీయిస్తాను. 16 ఏళ్ల ఇంజిన్ అనగానే కొనేవాళ్లు ఓవర్‌హాల్ డబ్బు మొత్తం తగ్గించమని అడుగుతారు. ఆ ఫొటోల కంటే గట్టి సమాధానం లేదు.

ఆయిల్ ఫిల్టర్ కూడా ఇదే కథ చెబుతుంది. దాన్ని ఫిల్టర్ కట్టర్‌తోనే కోయాలి. హాక్‌సా వాడితే రంపపు పొడి లోపల పడి మీరే కొత్త లోహం చేర్చినట్టవుతుంది. లోపలి కాగితం మడతలు కోసి, సాగదీసి, నూనె పిండేసి ఎండలో వంచి చూడండి. మెరిసే రేకులు కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఉక్కు, ముందు అనుమానించాల్సింది క్యామ్, లిఫ్టర్లు. అంటుకోకుండా మెరిస్తే అల్యూమినియం, పిస్టన్ వైపు చూడాలి. నల్లగా ఉండి వేళ్ల మధ్య నలిగిపోతే మసి. ఆయిల్ అనాలిసిస్ ఒక్కసారి చేయించిన కాగితంతో పెద్దగా తేలదు. వరుసగా నాలుగైదు రిపోర్టుల్లో ఇనుము ఎటు పోతోందో చూడాలి, అదీ ఒక్కో రిపోర్టు మధ్య ఎన్ని గంటలు ఎగిరిందో పక్కన పెట్టుకుని.

కంప్రెషన్ అంకెలకు అందరూ ఇచ్చే విలువ కంటే నేను తక్కువే ఇస్తాను. సిలిండర్‌లోకి 80 పీఎస్‌ఐ గాలి పెట్టి ఎంత నిలిచిందో చూస్తే 74, 76 వచ్చాయంటే సిలిండర్లు బాగున్నట్టే గానీ, క్యామ్ గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. 60కి దగ్గర్లోకి పడితే గాలి ఎక్కడి నుంచి పోతోందో వినాలి: ఎగ్జాస్ట్ గొట్టంలో బుసకొడితే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బురేటర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ పోసే చోటో బ్రీదర్ గొట్టమో ఊదితే రింగులు. బోర్‌స్కోప్‌లో (సిలిండర్ లోపల చూసే చిన్న కెమెరాలో) ఎగ్జాస్ట్ వాల్వ్ రంగు వలయాలు నడిమికి సమంగా ఉండాలి. ఒక అంచున మాత్రం రంగు వేరుగా ఉంటే అక్కడ కాలుతోంది. "టాప్ ఓవర్‌హాల్ అయ్యింది" అని ప్రకటనలో రాస్తే సిలిండర్లు మాత్రమే మార్చినట్టు. దాంతో గంటల లెక్క సున్నాకు రాదు, క్రాంక్, క్యామ్, బేరింగులు పాతవే.

ఈ ఇంజిన్‌లో రెండు మాగ్నెటోలు (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చేవి) ఒకే పెట్టెలో, ఒకే డ్రైవ్ మీద తిరుగుతాయి. 500 గంటలకోసారి విప్పి చూసిన రికార్డు లేకపోతే ఆ ఖర్చు తీసేయండి.

ఇక లాగ్‌బుక్‌లు. పానా పట్టకముందు వీటికి ఒక పూట పూర్తిగా కేటాయించండి, ఇంతకంటే చవకైన తనిఖీ లేదు. ప్రతి యాన్యువల్ (ఏటా చేసే తనిఖీ) దగ్గర టాక్ గంటలు (టాకోమీటర్ చూపే ఇంజిన్ గంటలు) ఒక కాగితం మీద వరుసగా రాసుకుంటే ఏ ఏళ్లలో విమానం నిలిచిపోయిందో కళ్లకు కడుతుంది. టాకోమీటర్ మార్చిన చోట పాత అంకె, కొత్త అంకె రెండూ రాశారా? లేకపోతే మొత్తం గంటల మీదే అనుమానం వస్తుంది. "కుడి రెక్క చివర స్కిన్ మార్చాం" అని కారణం లేకుండా రాసి ఉంటే, దెబ్బ తగిలిందన్నమాట. ప్రొపెల్లర్ మార్పు, క్రాంక్‌షాఫ్ట్ తనిఖీ ఒకే వారంలో కనిపిస్తే ప్రొపెల్లర్ నేలకు తగిలి ఉంటుంది. ఆ తర్వాత క్రాంక్ గేర్ బోల్టు మార్చాలన్న ఏడీ 2004-10-14 చాలా లైకమింగ్‌లకు ఉంది గానీ, ఓ-320-హెచ్ వరుసకు వర్తించదు. అయినా ఇంజిన్ లోపల తనిఖీ చేసినట్టు ఎంట్రీ ఉండాలి. సరిగ్గా బాగుచేసి, కాగితాలు పక్కాగా ఉండి, పదేళ్లు దాటిన దెబ్బకు నేను 5 నుంచి 10 శాతం తగ్గిస్తాను, అంతకు మించి కాదు. లాగ్‌బుక్ ఒకటి పోయిందంటే మాత్రం ఇంకా పెద్ద కోత తప్పదు, ఎందుకంటే పోయిన పుస్తకంలో ఏముందో ఎవరూ ఊహించలేరు.

ఎయిర్‌ఫ్రేమ్ 6,200 గంటలంటే కొంతకాలం శిక్షణలో తిరిగి ఉండొచ్చు. అలాంటి 172లో నేను ముందు చూసేది ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) కింది భాగం, దానికి ఆనుకున్న ముందు ఫ్లోర్. ముక్కు చక్రం మీద గట్టిగా దిగిన విమానాల్లో అక్కడ రేకు ముడతలు పడుతుంది. తర్వాత తోక: నేల మీద విమానాన్ని తిప్పడానికి స్టెబిలైజర్‌ను (తోక దగ్గరి అడ్డరెక్కను) కిందికి నొక్కే అలవాటు వల్ల దాని ముందు స్పార్ (లోపలి దూలం) దగ్గర పగుళ్లొస్తాయి. సీటు పట్టాల మీది రంధ్రాలు అరిగి, పిన్ను జారే స్థితికొచ్చాయా చూడాలి. టేకాఫ్‌లో సీటు వెనక్కి జారితే పైలట్ యోక్ (విమానం నడిపే హ్యాండిల్) పట్టుకునే వెనక్కి పోతాడు. దీని మీద ప్రతి 100 గంటలకో, యాన్యువల్‌కో చేయాల్సిన ఏడీ ఉంది. కార్పెట్ ఎత్తి, సౌండ్‌ప్రూఫింగ్ స్పాంజి నీరు తాగి దాని కింద అల్యూమినియం తెల్లపొడిగా మారిందా వేలితో రుద్ది చూడండి. పైన మెరిసే కొత్త రంగు, కింద ఈ పొడి ఉన్న విమానానికి నేను రంగు విలువ ఏమీ కలపను.

ప్యానెల్‌లో పెట్టిన డబ్బు మొత్తం తిరిగి రాదు. కొత్తగా బిగించిన పరికరానికి, బిగింపు ఖర్చుతో సహా అయిన మొత్తంలో సగం వస్తే మంచి బేరం. 430డబ్ల్యూ ఉపగ్రహ ఆధారిత అప్రోచ్‌లకు ఇప్పటికీ పనికొస్తుంది గానీ, దాని ఉత్పత్తి ఆగి చాలా ఏళ్లయింది. అందుకే దానికి అదనంగా కలపొద్దు, తీసేయనూ వద్దు. ఏడీఎస్-బీ అవుట్ (విమానం ఎక్కడుందో ఎప్పటికప్పుడు ప్రసారం చేసే పరికరం) సంగతి వేరు. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి చాలా గగనతలాల్లో అది తప్పనిసరి, లేకపోతే పెట్టించే ఖర్చు పూర్తిగా తీసేయాలి.

మూల ధర 90,000 డాలర్లు అనుకుని మీ విమానానికి లెక్క వేద్దాం. ఇంజిన్ గంటలకు 7,000. మాగ్నెటో, పాత హోస్‌లు, రంగులో లోటు, చిన్నాచితకా కలిపి 6,500. లిఫ్టర్లు నున్నగా ఉంటే మిగిలేది 76,500. లిఫ్టర్లలో గుంటలు ఉంటే ఇంజిన్ జీవితం అయిపోయినట్టే లెక్క, అప్పుడు 7,000 బదులు సగం జీవితానికి సరిపడా 20,000 పోతుంది, విమానం 63,500కి దిగుతుంది. మధ్యలో ఉన్న ఆ 13,000 తేడా లిఫ్టర్లు తీయించడానికయ్యే కూలి కంటే ఎన్నో రెట్లు. తీయించకపోతే కొనేవాళ్లు రెండో అంకెనే పట్టుకుంటారు, ఓవర్‌హాల్ షాపులో నెలల తరబడి వేచి ఉండాలన్న కారణం చెప్పి ఇంకా కిందికి లాగుతారు.

ఈ మోడల్‌ను 172పీతో పోల్చొద్దు. దాంట్లో హెచ్2ఏడీ లేదు, ఓ-320-డీ2జే ఉంది, ఆ ఇంజిన్ కోసమే కొందరు ఎక్కువ ఇస్తారు. 180 హార్స్‌పవర్ ఇంజిన్‌కు మార్చిన 172ఎన్‌లతో కూడా పోల్చొద్దు.

లిఫ్టర్లు బాగుంటే నేను 79,000 చెప్పి 76,000 దాకా దిగుతాను. ప్రకటనతో పాటు లిఫ్టర్ ఫొటోలు, ప్రతి సిలిండర్ బోర్‌స్కోప్ ఫొటోలు, కోసిన ఫిల్టర్ కాగితం ఫొటో, లాగ్‌బుక్‌ల మొత్తం స్కాన్, ఇటీవల తూచిన బరువు కాగితం పెట్టండి. ఖాళీ బరువు లెక్కలో ఉంటే నలుగురు కూర్చుంటే ఎంత పెట్రోలు పట్టుకుపోవచ్చో కొనేవాళ్లు అప్పటికప్పుడే చూసుకుంటారు. కొనే ముందు తనిఖీకి మీ మెకానిక్‌ను సూచించకండి, ఇంతవరకూ ఆ విమానం ముట్టని మెకానిక్‌ను వాళ్లనే తెచ్చుకోనివ్వండి. అడ్వాన్సు తీసుకునేటప్పుడు, తనిఖీలో విమానం ఎగరకూడనంత లోపం బయటపడితే దాన్ని ఎవరి ఖర్చుతో సరిచేయాలో, ఏ మొత్తం దాటితే బేరం రద్దవుతుందో ముందే కాగితం మీద రాసుకోండి. కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) విప్పాక ఆ మాట మొదలైతే ఇద్దరికీ కష్టం.