కౌలాలంపూర్ నుంచి క్రాబీకి నేలబాటన

ప్రశ్న: మేం ముగ్గురు దోస్తులం. సంక్రాంతికి పది రోజులు దొరుకుతున్నాయి. కౌలాలంపూర్‌లో దిగి, అక్కడి నుంచి రైల్లో థాయ్‌లాండ్ పోయి, నాలుగు రోజులు క్రాబీ సముద్రం ఒడ్డున ఉండి, ఫుకెట్ నుంచి విమానంలో తిరిగి రావాలని ఉంది. ఎక్కడ ఇబ్బంది పడతాం? (హనుమకొండ పాఠకుడు)

జవాబు: మంచి కాలం పట్టుకున్నారు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా క్రాబీ వైపు నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. మొదటి చిక్కు శంషాబాద్‌లోనే. మలేషియాలో దిగి థాయ్‌లాండ్ నుంచి తిరిగొస్తున్నారు కనుక, 'మలేషియా నుంచి బయటికి ఎట్లా పోతారు?' అని చెకిన్ కౌంటర్‌లో అడుగుతారు. థాయ్ సరిహద్దులోని పదాంగ్ బెసార్ స్టేషన్ దాకా రైలు టికెట్, ఫుకెట్ నుంచి తిరుగు విమానం టికెట్ రెండూ ప్రింటు తీసి పెట్టుకోండి. వీసా నియమాలు తరచూ మారుతున్నాయి. టికెట్ కొనే రోజున రెండు దేశాల ఎంబసీ సైట్లూ చూడండి.

రెండు దేశాలకూ ఆన్‌లైన్ రాక కార్డు నింపాలి, అదీ చేరే రోజుకు ముందు మూడు రోజుల లోపే. రెండూ ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదు. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఉంటే అక్కడే రాయండి. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

కౌలాలంపూర్ సెంట్రల్ నుంచి పదాంగ్ బెసార్‌కు ఈటీఎస్ (మలేషియా వేగపు కరెంటు రైలు)లో ఆరు గంటల లోపే. పొద్దున రైలే ఎక్కండి. పదాంగ్ బెసార్‌లో రెండు దేశాల ఇమ్మిగ్రేషన్ ఒకే స్టేషన్ భవనంలో ఉంటుంది. థాయ్ ముద్ర పడగానే కౌంటర్ దగ్గరే నిలబడి, ఏ తేదీ దాకా ఉండనిచ్చారో చూసుకోండి. ముద్ర లేకుండా ముందుకు పోతే ఫుకెట్‌లో తిరుగు విమానం దగ్గర ఆపుతారు. పదాంగ్ బెసార్ నుంచి థాయ్‌లాండ్‌లోని హాట్ యాయి ఊరికి చిన్న రైలు గంట ప్రయాణం, టికెట్ 50 బాట్లు. రోజుకు రెండే సర్వీసులు. థాయ్ గడియారం మలేషియా కంటే గంట వెనుక. రెండు టైంటేబుళ్లు కలిపి చూసేటప్పుడు ఈ గంట మరిస్తే రైలు తప్పుతుంది.

హాట్ యాయి నుంచి క్రాబీకి మినీవ్యాన్ నాలుగైదు గంటలు. నాలుగు రాత్రులూ ఒకే ఊళ్లో ఉండండి, రెండేసి రోజులు పంచుకుంటే సేద తీరదు. క్రాబీలో 'రైలే' (Railay) అనే తీరానికి రోడ్డు లేదు, సున్నపురాయి కొండలు అడ్డం. క్రాబీలోని ఆవో నాంగ్ ఒడ్డు నుంచి పడవలో పావుగంట. ఎర్ర జెండా ఎగిరితే నీళ్లలో దిగకండి. బాక్స్ జెల్లీఫిష్ (విషపు జెల్లీచేప) తగిలితే రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. కనీసం 30 సెకన్లు వెనిగర్ పోసి వెంటనే ఆసుపత్రికి పోవాలి. చాలా తీరాల్లో వెనిగర్ సీసా కర్రకు తగిలించి ఉంటుంది, దిగే ముందే ఎక్కడుందో చూసుకోండి.

ఏటీఎం 'రూపాయల్లో లెక్క కట్టాలా?' అని అడిగితే వద్దని నొక్కి బాట్లలోనే తీసుకోండి. వాళ్ల మార్పిడి రేటులో కోత ఎక్కువ.

ప్రశ్న: మా తమ్ముడు పదో తరగతి పాస్ కాలేదు, పాస్‌పోర్టు ఇసిఆర్ (కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాల్సిన రకం). ఈ ప్రయాణానికి పంపుతారా? (జగిత్యాల పాఠకురాలు)

జవాబు: మలేషియా, థాయ్‌లాండ్ రెండూ ఇసిఆర్ జాబితాలో ఉన్నాయి. కానీ ఎమిగ్రేషన్ అనుమతి పనికి పోయేవాళ్లకే, పర్యటనకు అక్కర్లేదు. అయితే కౌంటర్‌లో గుచ్చి గుచ్చి అడుగుతారు. తిరుగు టికెట్, గదుల బుకింగ్ తమ్ముడి పేరు మీద, తమ్ముడి చేతిలోనే ఉండాలి. మీ ఫోన్‌లో ఉంటే లాభం లేదు.

ప్రశ్న: పిల్లల సెలవులు మేలోనే. అప్పుడు క్రాబీ పోవచ్చా? (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: మేలో క్రాబీ వైపు వానలు మొదలవుతాయి, పడవలు ఆగుతుంటాయి. హాట్ యాయి నుంచి సూరత్ థానీ మీదుగా డోన్ సాక్ రేవుకు పోయి, థాయ్‌లాండ్ తూర్పు వైపున్న సముయి దీవి ఫెర్రీ ఎక్కండి. ఆ వైపు పెద్ద వానలు అక్టోబరు తర్వాతే.