కోటు ఉంచుకోండి, జామీను వదిలించుకోండి

ప్రశ్న: నా వయసు 52. నరసరావుపేటలో 27 ఏళ్లుగా సివిల్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఫీజుల రూపంలో ఏడాదికి 18 లక్షల వరకు వస్తుంది. రెండు బ్యాంకులకు ప్యానెల్ న్యాయవాదిగా రాసే లీగల్ ఒపీనియన్ల ఆదాయం అందులోనే ఉంది. 2016లో ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో 2 ఎకరాల 40 సెంట్లు 48 లక్షలకు కొన్నాను. ఇప్పుడు ఎకరం 1.20 కోట్లు పలుకుతోంది. ఇద్దరు మిత్రులు అందులో వెంచర్ వేద్దామని, నన్ను మేనేజింగ్ పార్ట్‌నర్‌గా ఉండమని అంటున్నారు. బావమరిది సిమెంటు, ఇనుము దుకాణంలో నాకు 40 శాతం వాటా ఉంది. దానికి తీసుకున్న 60 లక్షల క్యాష్ క్రెడిట్‌కు (బ్యాంకు ఇచ్చే వ్యాపార రుణ పరిమితికి) హామీ సంతకం పెట్టాను. కోర్టు అయ్యాక సాయంత్రాలు అక్కడే కూర్చుంటాను. సొంత ఇల్లు, పీపీఎఫ్‌లో 14 లక్షలు, డిపాజిట్లు 9 లక్షలు ఉన్నాయి. టర్మ్ పాలసీ (నిర్ణీత కాలానికి జీవిత బీమా) లేదు. ఇంటి ఖర్చు నెలకు 70 వేలు. అబ్బాయి లా మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ప్రాక్టీసు తగ్గించి వెంచర్‌లోకి దిగితే 60 నాటికి నిశ్చింతగా ఉండగలనా?

జవాబు: న్యాయవాది గారూ, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వెంచర్ కాదు. 'సాయంత్రాలు అక్కడే కూర్చుంటాను' అన్న చిన్న వాక్యం.

మీకు తెలిసిన నిబంధనే మీకు చెప్పడం బాగుండదు కానీ, తప్పడం లేదు. న్యాయవాది స్వయంగా వ్యాపారం నడపకూడదని, వృత్తి గౌరవానికి భంగం కలగని వ్యాపారంలో స్లీపింగ్ పార్ట్‌నర్‌గా (డబ్బు పెట్టి, నిర్వహణలో తలదూర్చని భాగస్వామిగా) మాత్రం ఉండవచ్చని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతున్నాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చునే భాగస్వామి నిద్రపోతున్నాడంటే ఎవరూ నమ్మరు. వెంచర్‌కు మేనేజింగ్ పార్ట్‌నర్ అయితే ఆ సందేహం కూడా మిగలదు. అది చేయాలంటే సనదును, అంటే ప్రాక్టీసు లైసెన్సును, సస్పెండ్ చేయించుకోవాలి. అంటే మీ ప్రశ్న 'ప్రాక్టీసు తగ్గించాలా' అన్నది కాదు, 'ఆపేయాలా' అన్నది. దానికి నా జవాబు వద్దు అనే.

ఎందుకంటే మీరు పెట్టుబడి పెట్టకుండా ఏటా 18 లక్షలు తెచ్చిపెడుతున్నది మీ సంతకం ఒక్కటే. టైటిల్ సక్రమంగా ఉందని మీరు రాస్తే బ్యాంకు అప్పు ఇస్తోంది. రేపు మీ వెంచర్‌లో ప్లాటు కొన్నవాడు అదే బ్యాంకుకు రుణం కోసం వెళితే, లింకు డాక్యుమెంట్లు (ఆ భూమి పాత దస్తావేజులు) మీ టేబుల్ మీదకే వస్తాయి. మీరు ఒపీనియన్ రాయకూడదు. రాయనంటే ఎందుకని అడుగుతారు. ఊళ్లో ఒక్క ప్లాటు మీద హద్దుల తగాదా వచ్చినా, ప్రతివాదుల వరుసలో మీ పేరు ఉంటుంది.

ఇక వెంచర్ లెక్క. మీ 11,616 గజాల్లో రోడ్లు, పార్కు స్థలం పోగా అమ్మకానికి మిగిలేది సగానికి కొంచెం ఎక్కువ. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి, కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో పెట్టి ఆ భూమికి, ఆ పనికే వాడాలి. బుకింగ్ డబ్బుతో పక్క పొలానికి బయానా ఇచ్చే పాత పద్ధతికి చోటు లేదు. పన్ను కూడా మారిపోతుంది. భూమిని సరుకుగా మార్చిన రోజు వరకు పెరిగిన విలువ మీద మూలధన లాభం పన్ను, ఆ తరువాత మిగిలే లాభమంతా వ్యాపార ఆదాయం. దాని మీద 30 శాతం శ్లాబుకు సిద్ధపడాలి.

ఉన్నది ఉన్నట్టు అమ్మితే? పొలమే కదా, పన్ను ఉండదని మీ మిత్రులు చెప్పి ఉండవచ్చు. నరసరావుపేట జనాభా 2011 లెక్కల్లోనే లక్ష దాటింది. అలాంటి మునిసిపాలిటీ చుట్టూ గగన మార్గంలో ఆరు కిలోమీటర్ల లోపు పొలం పన్ను లెక్కలో మూలధన ఆస్తే, అంటే లాభం మీద పన్ను ఉంటుంది. మొత్తం 2.88 కోట్లకు అమ్మితే లాభం 2.40 కోట్లు. 12.5 శాతం చొప్పున 30 లక్షలు, సర్‌ఛార్జి, సెస్సు కలిపితే 36 లక్షల దగ్గర తేలుతుంది. 2024 జులై 23కు ముందు కొన్నారు కాబట్టి ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం దారి కూడా ఉంది. అయితే ఆ దారిలో సర్‌ఛార్జికి ముందే 44 లక్షల వరకు అవుతుంది, దాని జోలికి పోవద్దు.

నా సలహా సగం అమ్మమని. ఎకరం 20 సెంట్లకు 1.44 కోట్లు వస్తుంది, లాభం 1.20 కోట్లు. అందులో 50 లక్షలు ఆరు నెలల లోపు మూలధన లాభాల బాండ్లలో పెట్టండి, ఆ మేరకు లాభం మీద పన్ను పడదు. వడ్డీ 5.25 శాతమే, దాని మీదా పన్ను ఉంటుంది, ఐదేళ్లు కదపలేరు. కదపలేకపోవడమే మీకు మేలు, ఆ డబ్బు అడిగేవాళ్లు మీ చుట్టూ చాలామంది ఉన్నారు. మిగిలిన లాభం మీద పన్ను 10 లక్షల చిల్లర అవుతుంది. చేతిలో 84 లక్షలు ఉంటాయి. దస్తావేజులో పూర్తి ధర రాస్తేనే ఈ లెక్క నిలుస్తుంది. రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతికిచ్చేది ఒకటి అనే బేరమైతే నా కాగితం పక్కన పడేయండి.

ఆ 84 లక్షల్లో మొదటి ఖర్చు దుకాణం నుంచి బయటపడటం. కోర్టులో జామీనుదారుల అవస్థ మీరు రోజూ చూస్తూనే ఉంటారు. బావమరిది కట్టకపోతే బ్యాంకు మీ దగ్గరకు 40 శాతానికి రాదు, 60 లక్షలకూ వస్తుంది. మీ వాటా కింద 24 లక్షలు జమ చేసి, పరిమితిని ఆ మేరకు తగ్గించి, హామీ నుంచి విడుదల చేస్తూ బ్యాంకు చేత లిఖితపూర్వకంగా ఉత్తరం తీసుకోండి. ఏటా రెన్యువల్ జరిగే సమయమే ఇది అడగడానికి సరైన అదను. దానికి బదులు ఆయన తన ఆస్తిని తనఖా పెట్టాల్సి రావచ్చు. ఇంట్లో రెండు నెలలు ముఖాలు మాడతాయి, భరించండి. భాగస్వామ్యం నుంచి విరమించుకుంటే పత్రికా ప్రకటన మాత్రం మరవద్దు. పేరు తెలియని స్లీపింగ్ పార్ట్‌నర్ చల్లగా తప్పుకోగలడు. మీరు దుకాణంలో కూర్చోవడం ఊరంతా చూసింది.

తరువాత కోటి రూపాయల టర్మ్ పాలసీ, 65 ఏళ్ల వరకు. ప్రపోజల్ ఫారంలోనే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద, భార్య, కుమారుడి పేరున తీసుకోండి. ఆ సొమ్ము మీ అప్పులవాళ్లకు చిక్కదు. జూనియర్లతో ఎన్నోసార్లు చెప్పి ఉంటారు, మీకు మాత్రం లేదు!

12 లక్షలు అబ్బాయి చదువుకు, అత్యవసరాలకు డిపాజిట్‌లో ఉంచండి. మిగిలిన 48 లక్షలను ఏడాదిన్నరలో విడతలుగా ఇండెక్స్ ఫండ్లు (షేర్ల సూచీని అనుసరించేవి), డెట్ ఫండ్లలో (బాండ్లలో పెట్టుబడి పెట్టేవి) సగం సగం వేయండి. ఏటా 9 శాతం వస్తుందనుకుంటే (గ్యారంటీ లేదు) ఎనిమిదేళ్లలో 95 లక్షల వరకు అవుతుంది. ఈ రోజు 70 వేల ఇంటి ఖర్చు, ధరలు ఏటా 6 శాతం పెరిగితే, మీకు 60 వచ్చేసరికి 1.12 లక్షలు. ఆ లెక్కన ఏడాది ఖర్చుకు పాతిక రెట్ల చొప్పున సుమారు 3.35 కోట్ల నిధి కావాలి. ఫండ్లు, బాండ్లు, పీపీఎఫ్, మిగిలిన ఎకరం 20 సెంట్లు కలిపితే భూమి ధర అసలు పెరగకపోయినా మూడు కోట్లు దాటతారు. మిగతా లోటు మీ ఫీజులే పూడుస్తాయి. న్యాయవాదికి రిటైర్మెంట్ వయసు లేదు కదా.

ఫీజుల్లో నగదుగా వచ్చేది ఎంతో మీరు రాయలేదు. వృత్తిదారుల ఊహాదాయ విధానంలో (వచ్చిన ఫీజులో సగాన్ని ఆదాయంగా లెక్కించే పద్ధతిలో) 18 లక్షలకు తొమ్మిది లక్షలు ఆదాయంగా చూపితే చాలు, నిజంగా మిగిలింది అంతకన్నా ఎక్కువ కానంతవరకు. అయితే రసీదు పుస్తకం మాత్రం ఈ నెల నుంచే రాయండి. గుమాస్తా చేతికి వదలకండి.

మిత్రులకు వెంచర్ మీద అంత మోజు ఉంటే, అమ్మకానికి పెట్టిన సగం భూమిని వాళ్లనే మార్కెట్ ధరకు, చెక్కు ఇచ్చి కొనమనండి. వాళ్ల లెక్కల మీద వాళ్లకే నమ్మకం ఎంతో అప్పుడు తెలుస్తుంది.