రిసెప్షన్ వీడియోకి ఏ లైటు?

కెమెరా మీది చిన్న ఎల్‌ఈడీతో పెళ్లికూతురి ముఖం మరీ తెల్లగా, వెనకంతా చీకటిగా వస్తోందన్నారు కదండీ. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది, అందుకే వెనక చుట్టాలు మాయం! ఇంకా పెద్ద ఆన్-కెమెరా లైటు కొంటే డబ్బు దండగ. 60 వాట్ల సీఓబీ లైటుకి (చిన్న ఎల్‌ఈడీలన్నీ ఒకే చోట గుత్తిగా ఉండేది) సాఫ్ట్‌బాక్స్, అంటే వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె, తగిలించి, స్టేజీకి ఓ పక్కన, తలలకంటే ఎత్తులో స్టాండు మీద పెట్టండి. హాల్లో పసుపు లైట్లుంటాయి కాబట్టి వెలుగు రంగు 3200 (పసుపు) నుంచి 5600 కెల్విన్ (తెలుపు) దాకా మారే బైకలర్ లైటు తీసుకోండి, రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ 95 పైన ఉండాలి. పట్టుచీర రంగు తప్పితే పెళ్లివారు ఊరుకోరు. భోజనాల దగ్గర మాత్రం మీ చిన్న లైటే డిఫ్యూజర్ (వెలుగును చెదరగొట్టే తెల్ల పొర) వేసి, బాగా తగ్గించి వాడండి. కెమెరా షటర్ 1/50 సెకను పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటు వల్ల వచ్చే ఫ్లికర్ (వీడియోలో వెలుగు మిణుకుమనడం) చాలావరకు పోతుంది. స్టాండుకి ఇసుక సంచి మరవకండి, పిల్లలు పరిగెడుతుంటారు.