సీతాకోకచిలుక పేరు పక్కన బ్రాకెట్లు ఎందుకు?

ప్రశ్న: జపాన్, కొరియా, చైనాల్లో తిరిగే ఆసియన్ స్వాలోటెయిల్ అనే పసుపు నలుపు సీతాకోకచిలుకకి ఒక పుస్తకంలో "పాపిలియో జూథస్ లిన్నేయస్, 1767" అని ఉంది. ఇంకో దాంట్లో పాపిలియో తర్వాత బ్రాకెట్లో సైనోప్రిన్సెప్స్ అని కలిపారు. అక్కడే ఉండే నల్ల స్వాలోటెయిల్‌కేమో "బ్యాసా ఆల్సినస్ (క్లుగ్, 1836)" అట, పాత పుస్తకంలో చూస్తే అదే ఎట్రోఫానియూరా. ఏది కరెక్టండీ? ఆ బ్రాకెట్లు అచ్చుతప్పులా?

జవాబు: అచ్చుతప్పులు కావండీ, దేని అర్థం దానికుంది. జంతువుల పేర్లకి ఇంటర్నేషనల్ కోడ్ ఒకటుంది. మొదట పేరు పెట్టినాయన ఆ జాతిని ఏ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపు, పేరులో మొదటి మాట అదే) చేర్చాడో ఇప్పటికీ అందులోనే ఉంటే ఆయన పేరు, సంవత్సరం మామూలుగా రాస్తారు, తర్వాత ఎవరైనా దాన్ని వేరే ప్రజాతికి మారిస్తే ఆ రెండిటినీ బ్రాకెట్లో పెడతారు, అంతే. జూథస్‌ని లిన్నేయస్ 1767లో పాపిలియోలోనే పెట్టాడు, ఇవాళ్టికీ అక్కడే ఉంది కాబట్టి బ్రాకెట్ లేదు. ఆల్సినస్‌కి క్లుగ్ పెట్టిన పేరు పాపిలియో ఆల్సినస్, అది అక్కడ్నుంచి బయటికొచ్చేసింది కాబట్టి బ్రాకెట్ వచ్చింది.

మరి మధ్యలో వచ్చిన బ్రాకెట్ సంగతి వేరే, అది ఉపప్రజాతి. పాపిలియోలో దాదాపు 200 జాతులున్నాయి, అందుకని లోపల చిన్న గుంపులుగా విడదీస్తుంటారు, జూథస్ కోసం హాన్‌కాక్ 1983లో సైనోప్రిన్సెప్స్ అనే గుంపు పెట్టాడు. నన్నడిగితే ఇది మంచి పద్ధతి, ఎందుకంటే చుట్టరికం తెలుస్తుంది, పాపిలియో జూథస్ అనే పిలుపూ చెడదు.

ఆల్సినస్ ఎందుకు బయటికొచ్చిందంటే, ఆ రోజుల్లో తోక ఉన్న పెద్ద సీతాకోకచిలుకలన్నిటినీ దాదాపుగా పాపిలియో అనే ఒకే గంపలో వేసేవాళ్ళు. కానీ ఆల్సినస్ గొంగళిపురుగు తినేది ఈశ్వరి కుటుంబపు తీగల్ని, వాటిలో విషం ఉంటుంది, ఆ విషాన్ని ఒంట్లో దాచుకునే అది పెద్దదవుతుంది, పొట్ట పక్కల ఉండే ఎరుపు పక్షులకి వార్నింగ్ అన్నమాట. జూథస్ పిల్లలు నిమ్మ కుటుంబపు చెట్ల మీద పెరుగుతాయి. కాబట్టి ఇవి ఒకే కుటుంబంలోనే వేర్వేరు శాఖలు, ఇంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా ఆ శాఖ లోపల. ఎట్రోఫానియూరా అనే ప్రజాతిని రీకర్ట్ 1865లో పెట్టాడు, బ్యాసాని మూర్ 1882లో పెట్టాడు. రెండూ ఒకటే అనుకునేవాళ్ళు ముందొచ్చిన పేరు కాబట్టి ఎట్రోఫానియూరా అంటారు, వేర్వేరు అనుకునేవాళ్ళు బ్యాసా అంటారు. వేటిని కలపాలి, వేటిని విడదీయాలి అనేది కోడ్ చెప్పదు, అది పరిశోధకుల ఇష్టం, కలిపాకో విడదీశాకో ఏ పేరు చెల్లుతుందో అది మాత్రమే చెప్తుంది. అందుకే మీరు చూసిన రెండు పుస్తకాలూ తప్పు కాదు. వెతికేటప్పుడు ఆల్సినస్ అనే రెండో మాట పట్టుకోండి, ప్రజాతి మారినా అది దాదాపు అలాగే ఉంటుంది.

అయితే జాతి దగ్గర కూడా తేడాలొస్తాయి. జూథస్‌లో వసంతంలో వచ్చేవి చిన్నగా ఉంటాయి, ఎండాకాలంవి పెద్దవి. ఆ చిన్నదాన్ని చూసి బ్రెమర్ 1861లో జూథులస్ అని కొత్త జాతిగా రాశాడు, తీరా చూస్తే రెండూ ఒకటే, అప్పుడు 1767 నాటి పేరే నిలబడింది. జపాన్‌లోని నీలిపచ్చ మెరుపుల దెహానీ అనే స్వాలోటెయిల్‌ని కూడా చాలాకాలం చైనా వైపు ఉండే బియానర్ అనే జాతికి ఉపజాతి అనే రాసేవాళ్ళు, ఇప్పుడు చాలామంది విడి జాతిగానే లెక్కేస్తున్నారు.

ప్రశ్న: జూథస్‌నీ, మకావోన్ అనే ఇంకో పాపిలియో జాతినీ ఫోటోలో ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: రెండూ పసుపు నలుపే, జపాన్‌లో రెండూ ఉంటాయి కాబట్టి కన్ఫ్యూజ్ అవ్వడం మామూలే. ముందు రెక్క ఒంటికి అంటుకునే చోట చూడండి. జూథస్‌కి అక్కడ నల్లటి సన్న గీతలు పొడుగ్గా బయటివైపుకి వెళ్తాయి, మకావోన్‌కి గీతలుండవు, పొడి చల్లినట్టు మొత్తం నల్లగా మసకగా ఉంటుంది. రెక్కలు మూసుకుని ఉన్నా, ఫోటో మసగ్గా ఉన్నా ఇది కనపడదు, అలాంటప్పుడు దొరికితే గొంగళిపురుగుని చూడటం ఇంకా ఈజీ. క్యారెట్, సోంపు లాంటి మొక్కల మీద ఆకుపచ్చ ఒళ్ళు, నల్ల పట్టీలు, వాటి మీద నారింజ చుక్కలు ఉంటే మకావోన్. నిమ్మజాతి చెట్టు మీద పట్టీలు పెద్దగా లేని ఆకుపచ్చ పురుగై, తల వెనక ఉబ్బు మీద కన్ను లాంటి మచ్చ ఉంటే అది జూథస్ అయ్యుండొచ్చు. కాకపోతే పచ్చరంగు చివరి దశలోనే వస్తుంది, అంతకుముందు చిన్నప్పుడు అది పక్షిరెట్టలా గోధుమ తెలుపు కలిసి ఉంటుంది, ఆ చెట్ల మీదే పెరిగే వేరే స్వాలోటెయిల్ పిల్లలు కూడా అలాగే ఉంటాయి కాబట్టి అప్పుడే పేరు తేల్చేయకండి.