అమెచ్యూర్‌లో ఓడినవాళ్ళు ప్రొఫెషనల్‌గా ఎలా గెలుస్తారు? అక్కడ డొక్కలో దెబ్బ జడ్జీలకి కనపడదు కాబట్టి

అమెచ్యూర్‌గా, అంటే ఒలింపిక్స్ లాంటి పతకాల పోటీల్లో, అంతంతమాత్రంగా ఆడిన బాక్సర్లు డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్స్ అయ్యాక ప్రపంచ చాంపియన్లు ఎలా అయ్యారని అడిగారు. దీనికి చాలామంది పట్టుదల, కసి అని రాస్తారు. అవి ఓడిపోయి ఇంటికెళ్ళినవాళ్ళకీ ఉంటాయండీ. నన్నడిగితే కారణం రెండు లెక్కల్లో ఉంది, రౌండ్ల లెక్క, పాయింట్ల లెక్క. అమెచ్యూర్ బౌట్ మూడు రౌండ్లలో అయిపోతుంది. ప్రపంచ టైటిల్ బౌట్ పన్నెండు రౌండ్లు. కొందరి దెబ్బ నాలుగో రౌండ్ దాటితే గానీ పనిచెయ్యదు.

రాకీ మార్సియానోనే తీసుకోండి. 1948లో గోల్డెన్ గ్లవ్స్ అనే అమెరికా అమెచ్యూర్ పోటీల్లో కోలీ వాలెస్ చేతిలో ఓడిపోయాడు. హెవీవెయిట్‌కి మనిషి పొట్టి, చేతులు ఇంకా పొట్టి. ప్రొఫెషనల్‌గా మాత్రం 49 బౌట్లు ఆడి 49 గెలిచాడు, అందులో 43 నాకౌట్లు. 1952 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో జెర్సీ జో వాల్కాట్‌తో ఆడిన టైటిల్ బౌట్ చూడండి. మొదటి రౌండ్‌లోనే కిందపడ్డాడు. పన్నెండు రౌండ్లయ్యేసరికి పాయింట్లు వేసే ముగ్గురి లెక్కలోనూ వెనకే ఉన్నాడు. అప్పట్లో టైటిల్ బౌట్లు 15 రౌండ్లు కాబట్టి బతికిపోయాడు, పదమూడో రౌండ్‌లో ఒక్క కుడిచేతి దెబ్బతో వాల్కాట్ పడిపోయాడు. అదే మూడో రౌండ్‌కి గంట కొట్టేసి ఉంటే, వాళ్ళ నాన్న పనిచేసిన చెప్పుల ఫ్యాక్టరీలోనే ఈయనా చేరేవాడు.

ఇదంతా వీడియోలు చూసి చెప్తున్నాననుకోకండి. మాది బరంపురం. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి, తర్వాత ఒడిశాలోకి వచ్చిన ఊరు. ఇక్కడి కుర్రాళ్ళకి బరువులెత్తడం పిచ్చి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం తెచ్చిన కాటులు రవికుమార్ మా ఊరివాడే. మా మేనత్త కొడుకు కూడా ముందు ఆ బరువుల దగ్గరే తేలాడు, తర్వాత బాక్సింగ్‌కి మారాడు. బావ ఎత్తు తక్కువ, మెడ అసలు కనపడదు. కానీ దగ్గరకొచ్చి ఎడమచేత్తో డొక్కలో ఒక్కటిస్తే గ్లవ్స్ తొడుక్కున్న నాకు కూడా ఆ పూట అన్నం సయించేది కాదు.

ఒకసారి పక్క జిల్లాలో రాష్ట్ర జట్టు సెలక్షన్ పెట్టారు. బరువు తగ్గడానికి బావ ఎండలో రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తి, నోరు పుక్కిలించి ఉమ్మేసిన నీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా వచ్చాడు. అవతలివాడు పొడుగ్గా, వెదురుగడలా ఉన్నాడు. మొదటి రౌండంతా దూరంగా నిలబడి జాబ్‌లు, అంటే ముందు చేత్తో సూటిగా వేసే చిన్న దెబ్బలు, వేస్తూ పోయాడు. టక్ టక్ మని నుదుటి మీద తగిలేవి, బావ మాత్రం కళ్ళు కూడా ఆర్పలేదు. రెండో రౌండ్‌లో బావ వంగి లోపలికి దూరాడు. ఎడమ, మళ్ళీ ఎడమ, పక్కటెముకల కింద. ఆ చప్పుడు హాల్లో వెనక బెంచీ దాకా వినిపించింది. పొడుగోడి మోచేతులు మెల్లిగా కిందికి దిగడం మొదలైంది. మూడో రౌండ్‌కి వాడి నోరు తెరుచుకుపోయి మౌత్‌గార్డ్ సగం బయటికొచ్చింది. కొట్టడం మానేసి బావని వాటేసుకుని వేలాడుతున్నాడు. రిఫరీ విడదీస్తాడు, వాడు మళ్ళీ వాటేసుకుంటాడు. ఇంతలో గంట మోగింది.

ఏకపక్షంగా వాడే గెలిచాడన్నారు.

బావ గొడవ పడలేదు. రిఫరీ దగ్గరికెళ్ళి ఒడియాలో, "సార్, ఇంకొక్క రౌండ్ పెట్టండి సార్" అని అడిగాడు. ఆయన నవ్వేశాడు. ఓ పావుగంట తర్వాత చూస్తే గెలిచినవాడు కుళాయి దగ్గర వాంతి చేసుకుంటున్నాడు, మా బావే వాడి తల మీద నీళ్ళు పోస్తున్నాడు. సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు మైకులో బావ ఇంటిపేరుని ముక్కలు ముక్కలు చేసి చదివారు. కాగితం మీద ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు. ఈ ఇంటిపేరు బాధ బరంపురం తెలుగువాళ్ళందరిదీ, చెప్పుకుంటే ఇంకో జవాబు అవుతుంది. ఇంటికొచ్చాక అత్తయ్య మాత్రం వాడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ముక్కు తిన్నగా ఉంది, అదే పదివేలు" అంది.

ఆ జడ్జీలని తిట్టి లాభం లేదు, అప్పటి పద్ధతే అలాంటిది. 1992 బార్సిలోనా నుంచి 2012 లండన్ దాకా ఒలింపిక్స్‌లో దెబ్బల్ని లెక్కపెట్టే కంప్యూటర్ స్కోరింగే ఉండేది. అందులో ఎక్కువ కాలం అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకను తేడాలో మీట నొక్కితేనే పాయింటు. ముఖం మీద తగిలిన జాబ్ అందరికీ కనపడుతుంది, మోచేతుల చాటున డొక్కలో పడింది ఎవరికి కనపడుతుంది? మా దగ్గర మీటలున్నా లేకపోయినా జడ్జీల కళ్ళు ఆ లెక్కకే అలవాటు పడ్డాయి. డొక్కలో దెబ్బ దోసెల పిండి లాంటిది, పొంగడానికి టైం ఇవ్వాలి.

టైసన్ మొదటి రౌండ్‌లోనే పడగొట్టేవాడు కదా అని ఎవరో ఒకరు కామెంట్ పెడతారు. ఆయనా 1984 ఒలింపిక్ సెలక్షన్లలో హెన్రీ టిల్‌మన్ చేతిలో రెండుసార్లు పాయింట్ల మీద ఓడినవాడే. టిల్‌మన్ లాస్ ఏంజెలిస్‌లో స్వర్ణం తెచ్చుకున్నాడు. 1986లో టైసన్ ఇరవయ్యేళ్ళకే హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. 1990లో ఇద్దరూ మళ్ళీ ఎదురుపడితే టిల్‌మన్ మొదటి రౌండ్ కూడా దాటలేదు. ఆ 1984 సెలక్షన్లలోనూ జడ్జీలు దెబ్బల్ని లెక్కపెట్టారు, తూకం వెయ్యలేదు. బెర్నార్డ్ హాప్కిన్స్ జైల్లో బాక్సింగ్ చేసి వచ్చి 1988లో మొదటి ప్రొఫెషనల్ బౌటే ఓడిపోయాడు, 2011లో 46 ఏళ్ళ వయసులో ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఉక్రెయిన్ బాక్సర్ లొమచెంకో రెండు ఒలింపిక్ స్వర్ణాలు, అమెచ్యూర్‌లో ఒకే ఒక్క ఓటమితో వచ్చాడు. 2014లో ఆయన్ని ఓడించిన ఓర్లాండో సలీడో అప్పటికే పన్నెండు బౌట్లు ఓడినవాడు. సలీడో ఉండాల్సిన బరువు దాటి వచ్చాడు, బెల్టు కిందా కొట్టాడు, ఒప్పుకుంటాను. అయినా ఆ బౌట్ డొక్కలో దెబ్బలతోనే గెలిచాడు. ముహమ్మద్ అలీ సంగతేంటని అడగొద్దు, అలీ అన్ని లెక్కలకీ బయట.

మన దగ్గర అసలు చిక్కు వేరే. అమెరికాలో సెలక్షన్ పోతే ప్రొఫెషనల్ అవుతారు. మన దగ్గర సెలక్షన్ పోతే షాపు పెట్టుకుంటారు. విజేందర్ 2015లో ప్రొఫెషనల్ అయ్యాడు గానీ, అప్పటికే చేతిలో బీజింగ్ కాంస్యం ఉంది, పోలీసు ఉద్యోగం ఉంది. జిల్లా దాటని కుర్రాడిని ఎవరు పిలుస్తారు? స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికీ ఆ మూడు రౌండ్ల పతకమే కావాలి.

బావకిప్పుడు మొబైల్ షాపు ఉంది. సాయంత్రాలు వీధి పిల్లలకి నేర్పిస్తాడు. ఏం నేర్పిస్తాడనుకుంటున్నారు? దూరంగా నిలబడి జాబ్‌లు వెయ్యడం, జడ్జీకి కనపడేలా తలకే కొట్టడం. మొన్న ఉండబట్టలేక అడిగేశాను, నీ ఎడమచేతి దెబ్బ వీళ్ళకి ఎందుకు చెప్పవు బావా అని.

"నీకేంట్రా, ఫోన్లో రాసుకుంటావు. వాడికి సర్టిఫికెట్ కావాలి" అన్నాడు.